లేదు అని రాసినా

కొత్తవాడ జంపఖానాల సొసైటీ పేజీకి
పదకొండేళ్ల కింద ఎవరో జేక్వెరీ కట్టిపోయారు.
ప్రతి వరుస మొదట్లో ఒక డాలర్ గుర్తు,
గడప మీద కాపలా కూర్చున్నట్టు.

పేజీ తెరుచుకునేలోపు
సాంబలక్ష్మక్క ఫోన్‌లో చక్రం తిరుగుతూనే ఉంటుంది.
"గింత సేపట్ల నేనైతే నాలుగు పోగులు ఏస్తుంటి" అంది ఓసారి,
నవ్వకుండా.

ఆ మాట పట్టుకుని
నయీంనగర్‌లో రెండో అంతస్తు గదిలో
ముసురు పట్టిన ఒక శనివారం
డాలర్లు పీకడం మొదలుపెట్టాను.

కష్టమేం కాదు.
పేరు పెట్టి పిలిస్తే పలికేవే అన్నీ.
క్వెరీసెలెక్టర్ అని ఒక్క కేక,
మూలనున్న బొమ్మ తిరిగి చూసింది.
దాని ఎస్సార్సీ మార్చాను:
పాత ఎర్రచారల జంపఖానా లేచిపోయి
నీలం నెమలి వచ్చి కూర్చుంది.
పడుగు అట్లాగే ఉంది, పేక మారింది
అంది పక్క కుర్చీలోంచి నసీమా.
వాళ్ల తాత నేసేవాడట. ఆమెకు నాడె పట్టడం కూడా రాదు.

ఆర్డర్ బటన్ దగ్గర చిక్కుపడింది.
సరుకు లేనప్పుడు దాన్ని డిసేబుల్ చేస్తాం,
బూడిద రంగులోకి ముడుచుకుంటుంది.
ఇప్పుడు సరుకొచ్చింది, ఆరు బై నాలుగువి పద్దెనిమిది.
సెట్‌ఆట్రిబ్యూట్ అన్నాను.
డిసేబుల్డ్ అన్నాను. కామా పెట్టి ఫాల్స్ అన్నాను.
కదల్లేదు.
కరెంటు పోయింది, వచ్చింది.
బూడిద రంగే.

జేక్వెరీ ఉన్నన్నాళ్లూ ఇదే ఫాల్స్ పనిచేసింది.
నేను అన్నది విని
నేను అనుకున్నది చేసిపెట్టేది అది.
నూలు సేటు లెక్క. తిట్టుకుంటాం గానీ
ఏ చిలప ఎంత రంగు తాగుతుందో వాడికే తెలుసు.
బ్రౌజర్‌కు నా మనసుతో పనిలేదు.
డిసేబుల్డ్ అనే మాట ఉందా, లేదా, అంతవరకే దాని చూపు.
పక్కన ఫాల్స్ అని రాసినా
కాదు కాదు అని రాసినా
నీ కాళ్లు మొక్కుతా అని రాసినా
ఆ మాట ఉన్నట్టే, బటన్ చచ్చినట్టే.

అప్పుడు గుర్తొచ్చింది సొసైటీ రిజిస్టర్.
పోయిన నెల ఫోటోలకని పోయినప్పుడు చూశాను.
చిప్ప సాంబలక్ష్మి, మగ్గం నంబరు నలభై ఒకటి,
బాకీ గడిలో ఎర్ర సిరాతో, లేదు.
మిగతావాళ్ల గడులన్నీ ఖాళీ.
నూలు పంచే పూట గుమస్తా ఓదేలు
ఎరుపు కనబడగానే వేలు కిందికి జార్చాడు.
"బాకీ లేదనే గద రాసిండ్రు" అని ఆమె.
"ఏదో ఉండబట్టే గద రాసిండ్రు" అని అతను.
నేను లెన్సు తుడుచుకుంటూ నిలబడ్డాను.
తుడిచిందే తుడుచుకుంటూ.

రిమూవ్‌ఆట్రిబ్యూట్.
ఒక్క వరుస.
విలువ మార్చి లాభం లేదు, మాటనే పెరికెయ్యాలి.
బటన్ పచ్చగా తేరుకుంది.
రాత్రి ఎనిమిదిన్నరకు మంచిర్యాల నుంచి ఎవరో
రెండు నెమళ్లు అడిగారు.

సోమవారం ఆ సంగతి చెబుదామని కొత్తవాడ పోయాను.
గుంటలో కాళ్లు, చేతిలో నాడె, ఆమె తల ఎత్తలేదు.
"జల్ది తెరుసుకుంటందా?"
తెరుచుకుంటుందన్నాను.
"అయితే మంచిదే" అని పంజాతో గట్టిగా రెండు దెబ్బలు కొట్టింది.

బల్ల మీద రిజిస్టర్ తెరిచే ఉంది.
నా సంచిలో పెన్సిల్ చెక్కే బ్లేడు ముక్క ఉంది.
పాత కాగితం. గీకితే సిరా పోతుందో,
గడే చినిగిపోతుందో.

ఓదేలు చాయ్‌కి లేచాడు.